పుస్తకం రాయించే పుస్తకాలు

జూన్ 11

పోయిన గురువారం పొద్దుటి సంగతి రాసి పెట్టుకోవాలనిపిస్తోంది. విశేషమేమీ లేదు. మామూలు పొద్దు. అందుకే రాయాలనిపిస్తోందేమో.

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. కిటికీ వైపు మంచం మీద మా చెల్లి, చిన్నది, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంది. నలభై దాటి అయిదేళ్ళయినా నిద్రలో దానికి ఏడేళ్ళే. దుప్పటి సరిచేశాను. ప్రార్థన చేసుకున్నాను. మెట్లు దిగి కొట్టు షట్టరు సగమే ఎత్తాను. పూర్తిగా ఎత్తితే ఎవరో ఒకరు ప్యాంటు పట్టుకుని అప్పుడే వచ్చి కూర్చుంటారు. నేల ఊడ్చాను. గుండుసూదులు అయస్కాంతంతో ఏరాను. తమ్ముడు వచ్చి బల్ల మీద బూడిదరంగు బట్ట పరిచాడు. సుద్దముక్క చెవి మీద పెట్టుకున్నాడు. తర్వాత దానికోసం వెతికాడు.

"అక్కా, సుద్ద చూశావా?"

"నీ చెవిని అడుగు."

మరదలు టీ తెచ్చింది. బడులు తెరిచే రోజులు, యూనిఫారాలు గుట్టలుగా ఉన్నాయి. చిన్నది జడ కూడా వేసుకోకుండా దిగివచ్చి, స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. ఇస్త్రీపెట్టె వేడెక్కుతున్న వాసన. వీధిలో పాలవాడి సైకిల్ గంట. అంతే.

కొంతసేపటికి తల ఎత్తకుండానే అంది. "పెద్దక్కా, నిన్న పుస్తకాలు అచ్చువేసే మేడమ్ ఒకరు ఫోన్ చేశారు."

వారపత్రికలో వచ్చిన దాని కథ ఆవిడ చదివారట. కుట్టించుకున్నవాడు వచ్చి తీసుకెళ్ళని కోటు గురించి అది. దాన్ని నవలగా రాయమన్నారట. ఆగస్టు నెలాఖరుకల్లా పూర్తిచేసి తెస్తే, వాళ్ళ ఆఫీసులోనే రాతప్రతులు చదివే ఉద్యోగం ఇస్తారట. వాళ్ళ ఊరికి రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది.

తమ్ముడు కత్తెర కింద పెట్టాడు. బట్ట కోత మధ్యలో ఉండగా వాడు కత్తెర కింద పెట్టడు.

"అంటే నవల అయితే ఉద్యోగం. కాకపోతే లేదు. అంతేనా?"

"అంతే అన్నయ్యా. 'పుస్తకం పట్టుకుని రండి, కుర్చీ చూపిస్తాను' అన్నారు."

"అయితే ఇదీ ఒక ఆర్డరే. డెలివరీ తేదీ ఇచ్చేశారు. ఈ కొట్టులో ఎప్పుడైనా తేదీ తప్పిందా?"

"తప్పింది," అంది మరదలు. "నా పెళ్ళిబట్టలు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంట్లో ఒకరి పేరు పుస్తకం అట్ట మీదికి ఎక్కడమంటే మాటలు కాదు. సంతోషంగా ఉంది.

సంతోషంగానే ఉంది.

జూన్ 12

నలభై పేజీలు ఇదివరకే రాసి పెట్టుకుందట. నాకు తెలియదు. ఒకే గదిలో ఉంటాం.

జూన్ 15

దారపు రీళ్ళ కోసం బజారుకు వెళ్ళాను. పక్కనే పాత పుస్తకాల కొట్టు. రెండు నెలల్లో పుస్తకం రాసి పూర్తిచేయడం ఎలాగో నేర్పే పుస్తకం ఒకటి కనిపించింది. అట్ట మీద గడియారం బొమ్మ. దానికి సాయంగా ఉంటుందని కొన్నాను.

చిన్నది దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నన్ను చూసింది. "ప్రార్థన పుస్తకం కాక నువ్వు ఇంకో పుస్తకం కొనడం ఇదే మొదటిసారి అక్కా."

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకేదో ఇబ్బందిగా అనిపించింది. వంటింట్లోకి వెళ్ళిపోయాను.

జూన్ 20

ప్రణాళిక పూర్తయ్యేదాకా ఒక్క వాక్యమూ రాయకూడదని ఆ గైడు మొదటి అధ్యాయంలోనే ఆజ్ఞ. అప్పటికే రాసినవి ఉంటే కట్టగట్టి కంటికి కనపడకుండా పెట్టాలట. చిన్నది ఆ నలభై పేజీలనూ నాడాతో కట్టి బీరువా అడుగున పెట్టింది.

తమ్ముడికి ఈ పద్ధతి తెగ నచ్చింది. "మరి! కొలత తీసుకోకుండా కత్తెర పెడతామా?" అని నమూనాలు కోసే గోధుమరంగు కాగితం చుట్ట తెచ్చి దాని చేతిలో పెట్టాడు. చిన్నది అధ్యాయానికో ముక్క కోసింది. పెద్ద అధ్యాయానికి పెద్దది, పొట్టిదానికి పొట్టిది. ఏ సంఘటన ఎక్కడ వస్తుందో సుద్దతో గీతలు గీసింది. ప్రతి ముక్క చుట్టూ అంగుళం ఎక్కువ వదిలింది. తర్వాత కథ ఒళ్ళు చేస్తే వదులు చేసుకోవడానికట. ఆ అంగుళం గైడులో లేదు. మా ఇంటి అలవాటు. అన్నిటినీ కొట్టులో ఆర్డర్ల కొక్కేలకు తగిలించింది.

రిటైరైన పోలీసాయన ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చాడు. ఏటా వస్తాడు.

"ఇదెవరి చొక్కా మాస్టారూ, ఇన్ని ముక్కలు?"

"చొక్కా కాదండీ, నవల."

"ఓహో. చేతులు పొట్టివా, పొడుగువా?"

"ఇంకా కొలతలు తీసుకుంటున్నామండీ," అంది చిన్నది. ఆయన చాలాసేపు నవ్వాడు.

జూన్ 27

కథంతా కొక్కేలకు ఎక్కింది. రాయడమొక్కటే తక్కువ.

"ఏం జరుగుతుందో అంతా తెలిసిపోయాక రాయబుద్ధి కావడం లేదక్కా. చూసిన సినిమాకే మళ్ళీ టికెట్టు కొన్నట్టుంది."

"తొందరేముంది?" అన్నాను.

"ఆగస్టు ఉంది కదా," అంది.

జూన్ 29

ప్రార్థనలో అందరినీ తలుచుకున్నాను. లేచాక గుర్తొచ్చింది, చిన్నదాని పుస్తకం గురించి అడగలేదని. రేపు అడగాలి.

జూలై 2

ఇవాళ కొట్టులో ఘోరం జరిగింది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

యూనిఫారాల హడావిడిలో తమ్ముడు కొక్కెం మీద ముక్క తీసి, చేతి నమూనా అనుకుని, మడతలు మడతలుగా పరిచిన తెల్లబట్ట మీద పెట్టి కోసేశాడు. అది మూడో అధ్యాయం. చేతులు ఒకవైపు మోచేతి దాకా, ఇంకోవైపు మోకాలి దాకా వచ్చాయి.

"మీకు కళ్ళు లేవూ? దాని మీద 'ఊరు విడిచి వెళ్ళిపోతాడు' అని రాసుందిగా!" అంది మరదలు.

"రాసుంటే? పిల్లాడు ఊరు మారుతున్నాడు కాబోలు, తొందరగా ఇవ్వాలి కాబోలు అనుకున్నా!"

చిన్నది నేల మీద కూలబడి నవ్వింది. కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి లేచి, ముక్కలన్నీ తీసి చుట్టచుట్టి బల్ల కింద పెట్టేసింది.

"చాలన్నయ్యా. కొలతలు లేకుండానే రాస్తాను. ఎలా వస్తే అలా."

పాడైన బట్టతో జేబురుమాళ్ళు కుడదామని మరదలు అంటోంది. ఊళ్ళో పిల్లలందరి ముక్కులకూ మూడో అధ్యాయమేనట.

జూలై 6

చిన్నది రాస్తోంది. నాలుగు రోజుల నుంచీ కలం ఆగలేదు. అన్నం ముందు కూర్చుని తనలో తనే నవ్వుకుంటోంది. ఎందుకని అడిగాను.

"కోటు లోపలి జేబులో ఏముందో నాకే ఇవాళ తెలిసిందక్కా."

"ఏముంది?"

"చెప్పను. అచ్చయ్యాక చదువు."

బాగా రాస్తోంది. మంచిదే.

జూలై 8

దారం అయిపోయింది. పాత పుస్తకాల కొట్టుకు వెళ్ళొచ్చాను.

జూలై 9

ఈ రెండో గైడు మొదటిదానికి పూర్తిగా ఎదురు. ప్రణాళిక అంటే పిరికితనమట. తెల్లవారుజామున లేచి, ముందురోజు రాసింది చూడకుండా, కలం కాగితం మీంచి ఎత్తకుండా చేతికొచ్చింది రాసుకుపోవాలట. కథ ఎక్కడ ఆగిందో పట్టించుకోకూడదట. మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టమంది.

"బాగా సాగుతోంది కదక్కా, ఇప్పుడు మళ్ళీ మొదటికా?" అంది చిన్నది.

"అనుభవం ఉన్నవాళ్ళు రాశారు. ఊరికే రాయరు కదా."

కాసేపు నన్నే చూసింది. "సరే. నువ్వు కొన్నావుగా," అంది.

నేను బలవంతపెట్టలేదు.

జూలై 12

తెల్లవారుజామున ఇద్దరం లేస్తున్నాం. గోడవైపు కూర్చుని నేను ప్రార్థన. కిటికీ దగ్గర అది రాత. కాగితం మీద కలం పరిగెత్తే చప్పుడు సన్నగా, ఎండుటాకుల్లో ఏదో నడుస్తున్నట్టు. అడగవలసింది అడగకుండా ఆ చప్పుడే వింటూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు.

ఇన్నేళ్ళు ఈ గదిలో ఉన్నాం. అది అత్తవారింటి నుంచి తిరిగొచ్చిన రోజు కూడా మంచాలు ఇలాగే ఉన్నాయి. ఆ రోజుల్లో రాత్రిళ్ళు నా చెయ్యి పట్టుకుని పడుకునేది.

ఇలా ఉంటే చాలు.

జూలై 13

నిన్న రాసిన ఆఖరి మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

జూలై 17

పొద్దున్నే రాసిన అయిదు పేజీల్లో నాలుగు చెత్తకుండీకేననీ, ఒకటి మాత్రం బంగారమనీ చిన్నది అంటోంది. ఆ ఒక్కటీ ఈ గైడు లేకపోతే వచ్చేది కాదట. అది నిజమే కావచ్చు. అన్నీ అబద్ధాలైతే ఇన్ని గైడ్లు అమ్ముడుపోవు.

ఇవాళ బంగారం మూడు పేజీలట. దారిన పడ్డానంటోంది. గైడు మూసేసింది.

జూలై 18

వెళ్ళాను. పాత పుస్తకాల కొట్టాయన ఎదురొచ్చి మరీ చూపించాడు.

"అమ్మా, ఇదిగో, మీలాంటివాళ్ళ కోసమే తీసి పెట్టాను. పాత్రల్ని తీర్చిదిద్దడం. పుస్తకం ఎంతవరకొచ్చింది?"

"రాసేది నేను కాదు. మా చెల్లి."

"ఆహా. ఆవిడ రాయడం, మీరు కొనడం. మంచి ఏర్పాటు. మా బావమరిదీ ఇంతే. ఒళ్ళు తగ్గించే పుస్తకాలు షెల్ఫు నిండా ఉన్నాయి. షెల్ఫే వంగింది."

తగ్గించి ఇస్తానన్నాడు. మళ్ళీ వస్తానని ఆయనకి ముందే తెలిసినట్టుంది.

జూలై 24

ఈ గైడు నిండా ప్రశ్నలే. ప్రతి పాత్రకూ సమాధానాలు రాసుకోవాలి. అప్పటిదాకా కథ ముట్టుకోకూడదు. వారం నుంచి చిన్నది అదే పనిలో ఉంది. రాత్రి భోజనాల దగ్గర అందరినీ అడిగింది.

"కోటు కుట్టించుకున్నవాడికి చిన్నప్పుడు దేనికి భయం?"

"నడుము ముప్పై ఆరు, ఛాతీ నలభై," అన్నాడు తమ్ముడు. "అంతకన్నా ఏం తెలియాలి మనిషి గురించి?"

"అతనికి ఎవరి మీద కోపం?"

"దర్జీ మీదే అయ్యుంటుంది," అంది మరదలు. "తేదీ తప్పించి ఉంటాడు."

"వదినా!"

"సరేలే రచయిత్రిగారూ, నిజంగానే అడుగుతున్నా. వాడు కోటు ఎందుకు తీసుకెళ్ళలేదో నీకు తెలుసా?"

"జూన్‌లో తెలుసు," అంది చిన్నది. "ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు రాశాక ఇప్పుడు తెలియడం లేదు."

తమ్ముడు మంచినీళ్ళ గ్లాసు దాని వైపు జరిపాడు.

జూలై 30

వంటింట్లో మరదలు గిన్నెలు తోముతోంది, నేను తుడుస్తున్నాను.

"వదినా, ఒక మాటంటాను, కోపం తెచ్చుకోరుగా?"

"చెప్పమ్మా."

"పసిపిల్ల నడక నేర్చుకుంటోందనుకోండి. రెండడుగులు వేసినప్పుడల్లా ఆపి కొత్త చెప్పులు తొడిగామనుకోండి. అది నడుస్తుందా? చెప్పులు చూసుకుంటూ కూర్చుంటుందా?"

"ఎవరి గురించి?"

"పసిపిల్ల గురించే." గిన్నె నా చేతికిచ్చింది. "మీరు మంచివారు వదినా. అందరూ అంటారు. నేనూ అంటాను. కానీ చెప్పుల కొట్టువాడికి మీ మొహం బాగా గుర్తుండిపోయినట్టుంది."

దానికి నోరెక్కువ. మొదటినుంచీ అంతే.

ఆగస్టు 1

ప్రార్థన కుదరలేదు.

ఆగస్టు 2

కుదరలేదు.

ఆగస్టు 5

యూనిఫారాల పని అయిపోయింది. కొట్టు ఖాళీగా ఉంది. తమ్ముడికి ఊరికే కూర్చోవడం చేతకాదు. ఆర్డరు ఒకరి వల్ల కాకపోతే అందరం కూర్చుని లాగించేస్తాం కదా, నవలా అలాగే లాగిద్దామన్నాడు. కోటు కోసే అధ్యాయం తనకిమ్మన్నాడు. మాటలున్న చోట్లు వాళ్ళావిడకు. చిన్నది నవ్వి కాగితాలిచ్చింది.

తమ్ముడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెమటోడ్చి ఒక పేజీ రాశాడు. భుజం కొలత ఇంత, చేతి పొడవు ఇంత, వీపు ఇంత. ఆఖరున 'అతను విచారంగా ఉన్నాడు' అని ఒక వాక్యం. మరదలు రాసిందాంట్లో అందరూ ఆవిడలాగే మాట్లాడారు. కోటు వేసుకోనివాడు కూడా.

బాగా నవ్వుకున్నాం. చిన్నది మాత్రం ముందుగా లేచి మేడమీదికి వెళ్ళింది.

ఆగస్టు 9

చిన్నది నిన్న లెక్క చూసుకుందట. దాని దగ్గర మూడు మొదళ్ళున్నాయి. ఒక్క ముగింపు కూడా లేదు.

ఇస్త్రీబల్ల దగ్గర నిలబడి మామూలుగానే చెప్పింది. "నా వల్ల కాదక్కా. సోమవారం మేడమ్‌కి ఫోన్ చేసి రానని చెప్పేస్తాను. ఆ కుర్చీలో ఇంకెవరైనా కూర్చుంటారు." మళ్ళీ కాజాలు కుట్టడానికి కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కలేదు. రెండుసార్లు ఎంగిలి చేసింది. ఎక్కలేదు. నేను తీసుకుని ఎక్కించి ఇచ్చాను.

"నువ్వుంటే చాలక్కా నాకు," అంది.

దేవుడు విన్నాడు.

ఆగస్టు 10

ఎవరి మాట విన్నాడు? దాని పుస్తకం గురించి ఈ రెండు నెలల్లో నేను ఒక్కసారీ అడగలేదు. ఇంకేదో అడిగి ఉంటాను. నోటితో కాదు.

ఆగస్టు 11

అది కొట్టులో ఉండగా బీరువా తెరిచి అన్నీ చదివాను. నాడాతో కట్టిన నలభై పేజీలు, తర్వాత కొలతల్లేకుండా రాసినవి, తెల్లవారుజామువి. తలుపు దగ్గరగా వేసుకుని, దొంగలా.

నాకు నవలల సంగతి తెలియదు. ఒక్క చోటు గురించి మాత్రం రాస్తాను. కొట్టులో పనిచేసే అమ్మాయి, అందరూ వెళ్ళిపోయాక, ఎవరూ తీసుకెళ్ళని ఆ కోటు వేసుకుంటుంది. అద్దం ముందు నిలబడి కళ్ళు మూసుకుంటుంది. తెరిస్తే విప్పేయాలి కనుక మూసుకునే ఉంటుంది.

మూడు మొదళ్ళలోనూ ఈ చోటు ఉంది. మిగతాదంతా గైడుకొకలా మారింది. ఇది మారలేదు. ఒకదాంట్లో కోటు నల్లది, ఒకదాంట్లో ఊదా. అమ్మాయి మాత్రం అదే అమ్మాయి, కళ్ళు అలాగే మూసుకుని నిలబడి ఉంది.

ఎంతసేపు నిలబెట్టాను దాన్ని!

ప్రార్థన కుదిరింది ఇవాళ. మాటలేమీ లేవు.

ఆగస్టు 12, సోమవారం

పొద్దున డాబా మీద బట్టలు ఆరేస్తూ చెప్పాను.

"ఫోన్ చెయ్యి. కానీ రానని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. పూర్తికాలేదు, కానీ వస్తున్నానని చెప్పు."

"పూర్తిచేసి కదా రమ్మన్నారు."

"అక్కడికి వెళ్ళి పూర్తిచెయ్యి. ఇక్కడ కాదు."

"ఎందుక్కాదు?"

"నేనుంటాను కనుక."

తడిచీర రెండు కొసలూ చెరొకరం పట్టుకుని ఉన్నాం. అది లాగలేదు, నేను లాగలేదు. నీళ్ళు కారుతున్నాయి.

"ఆ గైడ్లు నీ కోసం కొనలేదే," అన్నాను. "నీ కోసమే అనుకున్నాను. నువ్వు బాగా రాసిన రోజునే నాకు బజారులో పని పడింది. ప్రతిసారీ."

చిన్నది చీర తాడు మీద వేసింది. ముడతలు చేత్తో సాపు చేసింది. తర్వాత నెమ్మదిగా అంది. "రెండోది తెచ్చినప్పుడే నాకు తెలిసిందక్కా."

"తెలిసి?"

"తెలిసి తీసుకున్నాను. 'అక్క ఇచ్చింది, కాదనలేం' అని నాకు నేను చెప్పుకున్నాను. రాయడం కన్నా రాయడం గురించి చదవడం ఎంత హాయో నీకు తెలియదు. పని చేస్తున్నట్టే ఉంటుంది, భయమూ వేయదు. ఆ ఊళ్ళో నాకెవరున్నారు? ఆ కుర్చీలో కూర్చుంటే నా రాత చూసి నవ్వరూ?" అని నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. "నువ్వు తలుపు వేశావు. గడియ పెట్టుకుంది నేనే."

మిగిలిన బట్టలు ఆరేశాం. పిన్నులు చాల్లేదు.

మధ్యాహ్నం చిన్నది కొట్టు ఫోన్ నుంచి మేడమ్‌తో మాట్లాడింది. మేం ముగ్గురం పనిలో ఉన్నట్టు నటించాం. తమ్ముడు బట్ట లేని బల్ల మీద సుద్దగీత గీశాడు. చిన్నది మూడు మొదళ్ళ సంగతి దాచలేదు. అవతల ఆవిడ పెద్దగా నవ్వడం మాకూ వినిపించింది. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళందరి సంచుల్లోనూ ఆ గైడ్లే ఉంటాయట. 'మూడిట్లోనూ మారనిది ఏదైనా ఉందా?' అని అడిగారట. ఒక చోటు ఉందని చిన్నది చెప్పింది. 'అయితే అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. గడువు మాత్రం మారదు. నెలాఖరుకి పుస్తకం బల్ల మీద ఉండాలి. ఎక్కడ కూర్చుని రాస్తారో మీ ఇష్టం' అన్నారట. వాళ్ళ ఆఫీసు దగ్గర ఉద్యోగం చేసే ఆడవాళ్ళ హాస్టలు ఉందట. గది చూసి పెడతానన్నారు.

సాయంత్రం షట్టరు దించి నలుగురం కటింగ్ బల్ల చుట్టూ కూర్చున్నాం. తమ్ముడు ముందు ఒప్పుకోలేదు.

"నెలాఖరుకి పూర్తికాకపోతే? అటు ఉద్యోగమూ ఉండదు, ఇటు..."

"ఇటు కాజాలుంటాయి," అంది మరదలు. "పారిపోవు."

"ఒక్కతే ఎలా ఉంటుంది?"

"ఉంటానన్నయ్యా," అంది చిన్నది.

వాడు నా వైపు తిరిగాడు. చిన్నప్పటి నుంచీ అంతే, ఆఖరి మాట కోసం నా వైపు తిరుగుతాడు. "నువ్వేమంటావక్కా?"

"వెళ్ళనీ," అన్నాను.

ఇంట్లో అనుకున్నది ఇదీ. గురువారం పొద్దుటి బండికి చిన్నది వెళుతుంది. ఉన్న కాగితాలన్నీ పట్టుకెళుతుంది, గైడు మాత్రం ఒక్కటీ వద్దు. తెల్లవారుజామున లేవడమొక్కటీ ఉంచుకుంటానంది, సరే అన్నాం. కాజాలు మరదలు నేర్చుకుంటుంది. పుస్తకం అయినా కాకపోయినా నెలాఖరుదాకా ఇక్కణ్ణుంచి ఎవరూ ఫోన్ చేసి 'ఎంతవరకొచ్చింది' అని అడగకూడదు. ఇది తమ్ముడికి చెప్పిన మాట. ఉత్తరం అదే రాస్తుంది, రాయాలనిపిస్తే. కుదరక తిరిగొస్తే ఎవరూ ఏమీ అనకూడదు. కుదిరితే రమ్మని పిలవకూడదు. ఇది నాకు చెప్పిన మాట. ఎవరో చెప్పింది కాదు, నేనే చెప్పుకున్నాను, మిగతావాళ్ళు తలూపారు.

స్టేషనుకు తమ్ముడు వెళ్ళి ఎక్కించి వస్తాడు. నేనూ వస్తానన్నాను. మరదలు వద్దంది. ప్లాట్‌ఫారం మీద పుస్తకాల దుకాణం ఉంటుంది వదినా, అంది. చిన్నది అందరికన్నా గట్టిగా నవ్వింది.

గుమ్మం దాకానే వస్తానని ఒప్పుకున్నాను.